నాన్న మాట మారిస్తే

నవంబరు 3, సోమవారం

నాన్న ఈరోజు డయాలసిస్‌కి వెళ్ళలేదు.

ఆటో వచ్చి గుమ్మం ముందు నిలబడి, హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. రెండేళ్ళుగా ప్రతి సోమవారం, గురువారం అదే ఆటో, అదే టౌను, అదే హాల్లో మంచం. ఈరోజు నాన్న పంచె కూడా మార్చుకోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నాను రాను" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

అమ్మ కోతల్లో ఉంది. నేనే బతిమాలాను, తరువాత కేకలేశాను, తరువాత ఆటో అతనికి నేనే ఏదో అబద్ధం చెప్పాను.

ఒక్క పూట మానేస్తే ఏమవుతుందిలే అనుకుని, అయినా ఫోన్‌లో చూశాను. చూడకుండా ఉండాల్సింది. కిడ్నీలు పనిచేయని మనిషి ఒంట్లోంచి నీరు బయటికి పోదు. ముందు పాదాల్లో చేరుతుంది, తరువాత పొట్టలో, చివరికి ఊపిరితిత్తుల్లో. చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను, అందులోంచే నీళ్ళు కారతాయన్నట్టు.

నవంబరు 4

అడిగాను. "రాను."

హైదరాబాదు కంపెనీవాళ్ళు మళ్ళీ మెయిల్ పెట్టారు. నెలాఖరులోగా వచ్చి చేరాలట. దాని గురించి నేనిప్పుడు ఆలోచించడం లేదు.

నవంబరు 6, గురువారం

ఆటో మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఖాళీగా వెళ్ళింది.

అన్నయ్యకి చెప్పక తప్పలేదు. గోపి సాలూరులో లారీ ఆఫీసులో చేస్తాడు. ఫోన్‌లో వాడి గొంతు కంటే వెనక లారీల గోలే ఎక్కువ వినబడుతుంది.

"రానంటే ఒగ్గేస్తావేటే? ఇద్దరు మనుషుల్ని పిలిసి మంచంతో ఎత్తించు."

"నాన్న గుమ్మడికాయేమిటి అన్నయ్యా, ఎత్తించడానికి?"

"నీ తెలివితేటలు ఎమ్మేలో సూపించు. నాను ఆదివారం వొస్తన్నాను."

పెట్టేశాడు. నాకూ అదే చెయ్యాలని ఉంది. ఎవరైనా వచ్చి ఎత్తుకెళ్ళిపోతే బాగుణ్ణు, నాన్ననో నన్నో.

నవంబరు 7

నూకయ్య మావ వచ్చాడు. నాన్న జముకుల కథ చెప్పిన ఇన్నేళ్ళూ వంత ఆయనే. నాన్న ఒక మాట అంటే అందుకుని పాడడం, ఊఁ కొట్టడం, జనం అడగాల్సింది జనం తరఫున అడగడం ఆయన పని. ఇప్పటికీ మామూలు మాటల్లో కూడా నాన్న వాక్యం చివరి ముక్క ఆయన నోట్లో ఇంకోసారి నలుగుతుంది.

"ఏటి బావా, టౌనెల్లడం మానేసినావంట. నర్సమ్మతో దెబ్బలాడినావేటి?"

"నీ గొంతు కంటే ఆ మిసను మోత నయం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడదీ ఇసుగొచ్చినాది."

"ఇసుగొచ్చినాది" అన్నాడు మావ అలవాటుగా. అని, నవ్వబోయి మానేశాడు.

నాన్న ఎడమ చేతిలో, సూదులు గుచ్చడానికి వీలుగా రెండు నరాలు కలిపి కుట్టారు. ఆ చేతిని ఒత్తకూడదు, దాంతో బరువు పట్టకూడదు. కథకి తంతి మీటే జముకు ఇరికించుకోవాల్సింది ఎడమ చంకలోనే. కథ అలా ఆగిపోయింది. మావ ఆ కుట్టిన చోటి ఉబ్బు మీద చెవి ఆనించి నన్ను పిలిచాడు.

"ఇనవే అమ్మీ. మీ నాయన జముకుని సంకలోంచి సేతిలోకి మార్సుకున్నాడు."

విన్నాను. నిజంగానే చర్మం కింద తంతి మోగుతున్నట్టు జుమ్మని వినబడింది. వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఇది ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుందనే తోచింది, ఇంకేమీ తోచలేదు.

నవంబరు 8

డాక్టర్ అనూరాధ వచ్చింది. విజయనగరం నుంచి. నయం కాని జబ్బులవాళ్ళ ఇళ్ళకి తిరిగి నొప్పి, ఆయాసం చూసే డాక్టరు. నేనే ఫోన్ చేసి పిలిచాను. నాన్నకి నచ్చజెప్పి టౌనుకి పంపిస్తుందనుకున్నాను.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. చాప మీద, నాన్న మంచానికి పక్కగా కూర్చుంది. అమ్మ ఇచ్చిన చోడి అంబలి మొత్తం తాగింది. నా వైపు చూడకుండా నాన్ననే అడిగింది.

"మీ జబ్బు గురించి మీకేం తెలుసు, కూర్మయ్యగారూ?"

ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తగ్గిపోతుంది అని చెబుతూ వచ్చాం, రెండేళ్ళుగా.

"తగ్గిపోద్దని ఈలు సెప్తారమ్మా. నాను నమ్మినట్టు ఆడతాను. ఆట నా పనే గదా."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మరి ఎందుకు మానేశారు?"

చాలాసేపు మాట్లాడలేదు. డాక్టరు కూడా తొందరపెట్టలేదు. నేనైతే ఆ మౌనంలోకి నాలుగు మాటలు కూరేదాన్ని.

"నా పక్క మంచం కొండబాబనీ ఒకడు. మొన్నటిది కాదు, దానెనకటి గురువారం మిసను మీదే పోనాడు. మిసను కూస్తన్నాది. గోడ మీద టీవీలో ఎవులో నవ్వుతన్నారు. మిసను ఆపినారు గానీ టీవీ ఆపనేదు. ఆడ్ని తీసినారు, దుప్పటి మార్సినారు, ఇంకోడ్ని తొంగోబెట్టినారు. అప్పుడూ నవ్వుతన్నారు టీవీలో."

కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు.

"నా కథలో ఎంత సెడ్డోడు సచ్చినా జముకు బోర్లా పెట్టేస్తానమ్మా. తంతి మీద ఏలు పడదు. ఒట్టి నోటితో సెప్తాను. జనం దగ్గు కూడా ఆపుకుంతారు. మనిసి ఎల్లిపోతన్నప్పుడు సప్పుడు సెయ్యకూడదు. అంత మాత్రం తెలీదా ఆలకి?"

డాక్టరు టీవీని వెనకేసుకు రాలేదు, వాళ్ళని తిట్టనూ లేదు. ఉన్నది చెప్పింది. గుండె బాగా బలహీనపడిందని, మిషను మీద ఉండగానే బీపీ పడిపోతోందని. "వెళ్తే కొన్ని నెలలు రావచ్చు. అవి సులువైన నెలలు కావు. వెళ్ళకపోతే వారాలు. ఎటైనా నేను వస్తాను."

నాన్న తల ఊపాడు. వర్షం ఎప్పుడొస్తుందో అడిగి తెలుసుకున్న రైతులా ఊపాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"ఆయాసమొచ్చినా, నాను ఏటైపోనా, ఆ హాల్లో పడీవొద్దు. నూటెనిమిది బండి పిలవొద్దు. మాటియ్యే."

చేతిలో చెయ్యి వేశాను. చెమట నాదో ఆయనదో తెలియదు.

గేటు దగ్గర డాక్టరు చిన్న సీసా ఇచ్చింది. ఆయాసం వస్తే నాలుక కింద వేయాలి, ఇంత మాత్రమే. ఇంకా ఏవో చెప్పింది, అడుగుతూ ఉండమనో ఏదో. నేను సీసా మీద గీతలు చూస్తున్నాను. ఒక గీత ఎక్కువైతే ఏమవుతుందని అడగాలనుకుని అడగలేదు.

నవంబరు 9, ఆదివారం

గోపి వచ్చాడు. సాలూరు నుంచి బైకు మీదే. ముఖం నిండా దుమ్ము. అన్నం కూడా తినకుండా మొదలెట్టాడు.

"నాన్నకి బుర్ర పనిసెయ్యట్లేదు. నీకూ పనిసెయ్యట్లేదా?"

"నాన్న నిర్ణయం అది. నాన్న నోటితో చెప్పాడు. డాక్టరు విన్నారు."

"సెప్పినాడు సరే. ఆయన సెప్పినాడని నువ్వెందుకే అంత సంబరపడిపోతన్నావు?"

సంబరమా.

"హైదరాబాదులో ఉజ్జోగం వొచ్చినాదంట గదా. నాన్న ఏగిరం పోతే నువ్వు ఏగిరం పోవొచ్చు."

వాడికి ఆ మెయిల్ సంగతి చెప్పింది అమ్మే అయుంటుంది. అమ్మ ఆ మాట విని చేతిలోని గిన్నె దించి, "ఒరే, నోరు కడుక్కో" అంది. నన్ను వెనకేసుకు రాలేదు.

దానికీ దీనికీ సంబంధం లేదు. సంబంధం లేదు. ఎమ్మే ప్రాజెక్టులో నాన్న మేళం చెప్పే మరణ ఘట్టాల మీదే రాశాను. జముకు బోర్లించడం గురించి రెండు పేజీలు రాశాను, సారు మెచ్చుకున్నాడు. ఈ ఇంట్లో నాన్న మాట అర్థమైంది నాకొక్కదానికే. ఆయన మాటకి నేను కాపలా ఉంటాను. అంతే.

సాయంత్రం గోపి వెళ్ళేటప్పుడు నాన్న కాళ్ళు పట్టుకుని చాలాసేపు నొక్కాడు. ఎప్పుడూ నొక్కేవాడు కాదు.

నవంబరు 11

పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోతోంది. మూసుకునేదాకా చూద్దామని కూర్చున్నాను. చూడలేక లేచిపోయాను.

నవంబరు 12

దిండ్లు ఎత్తు పెట్టి కూర్చునే నిద్రపోతున్నాడు. బాగానే ఉన్నాడు. ప్రశాంతంగా ఉన్నాడు. బాగానే ఉన్నాడు.

నవంబరు 14, శుక్రవారం

నిన్నటిది రాయాలి. రాయకపోతే నాకు అనుకూలంగా గుర్తుపెట్టుకుంటాను.

పొద్దున్న అంబలి రెండు గుక్కలు తాగాడు. అమ్మ కళ్ళానికి వెళ్ళింది. నూకయ్య మావ వీధరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. నేను బట్టలు ఆరేస్తుండగా ఒక చప్పుడు విన్నాను. ఎవరో చెంబు ముంచుతున్నట్టు. అది నాన్న ఊపిరి.

మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ముందుకి వంగి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. సీసా తీశాను. తొందరలో సగం మందు గడ్డం మీద పడింది. మళ్ళీ వెయ్యాలా? వేస్తే ఎక్కువవుతుందా? ఎంత లోపలికి పోయిందో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు పోతే నావల్ల పోయినట్టా? కొంచెం వేశాను. నాన్న కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నాడు.

"బండి... పిలు."

స్పష్టంగా విన్నాను. విననట్టు గడ్డం తుడిచాను.

"పిలవే."

"నువ్వే వద్దన్నావు నాన్నా. మాట తీసుకున్నావు కదా. మందు వేశాను, తగ్గుతుంది, కొంచెం ఓర్చుకో."

ఈ మాటలు నేనే అన్నాను. ఎంత మెత్తగా అన్నానో కూడా గుర్తుంది. నాన్న నా వైపు చూసిన చూపు రాయలేను. దారి అడిగితే చెప్పకుండా నవ్వి ఊరుకున్న కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

మావ గుమ్మంలో ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో.

"ఏటే, ఏటంతన్నాడు మీ నాయన?"

"బండి పిలవమంటున్నాడు. కానీ ఆయనే మావా, శనివారం నాడు..."

"శనివారం కథ శనివారంతో పోనాది." మావ గొంతు అలా లేవడం ఎప్పుడూ వినలేదు. "కథకుడు మాట మారిస్తే వంతోడు దిద్దుతాడేటే? ఆడు ఎటు తిప్పితే అటెల్లాల. పిలు బేగి."

పిలిచాను. బండి వచ్చేదాకా మావ నాన్న వెనక మంచం మీద కూర్చుని, తన వీపుకి ఆయన వీపు ఆనించి నిలబెట్టాడు. నాన్న "అబ్బా" అంటే "అబ్బా" అన్నాడు. "రాదేటి" అంటే "వొస్తాది, వొస్తాది" అన్నాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను, చేతిలో సీసాతో.

అదే హాలు. అదే మంచం కూడా, కొండబాబు మంచం పక్కది. సూది గుచ్చారు. నీరు లాగడం మొదలయ్యాక మెల్లగా పెదాల రంగు మారింది. అప్పుడు గమనించాను, గోడ మీద టీవీలో ఎవరో నవ్వుతున్నారు. టెక్నీషియన్ శివాజీ దగ్గరికి వెళ్ళి కట్టేయమన్నాను. మిగతావాళ్ళు ఊరుకోరండి, నాలుగు గంటలు ఎలా గడుస్తుంది అన్నాడు. చివరి మంచం మీది ఆవిడ తల ఎత్తి, "కట్టీ బాబూ, నాకూ తలనొప్పొస్తన్నాది" అంది. కట్టేశాడు. ఒక్కసారిగా మిషన్ల చప్పుడు మాత్రమే మిగిలింది.

నాన్న కళ్ళు తెరిచాడు. చుట్టూ చూశాడు.

"టీవీ ఎట్టమనే" అన్నాడు. "నేకపోతే నాను పోనాననుకుంతారు."

చివరి మంచం ఆవిడ నవ్వింది. శివాజీ నవ్వాడు. నేను బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

నవంబరు 15

ఇంటికి తెచ్చేశాం.

గురువారం ఆసుపత్రి వరండాలో మావ చెప్పిన సంగతి. చీపురుపల్లి వైపు ఒక ఊళ్ళో కథ చెబుతున్నారట. తెల్లారేసరికి కథలో రాజు చనిపోవాలి. ముందు వరసలో ఒక ఆడమనిషి కూర్చుంది, ఆవిడ మొగుడు ఇంట్లో మంచాన ఉన్నాడని ఊరంతటికీ తెలుసు. నాన్న జముకు బోర్లించాడు. జనం దగ్గు ఆపుకున్నారు. నాన్న ఆవిణ్ణి చూసి, జముకు మళ్ళీ ఎత్తి, రాజు లేచి కూర్చుని అంబలి అడిగాడు అన్నాడట.

"నా గుండి గుబేలుమన్నాది. రాజు అంబలడగడం ఏటి? ఆ తరవాత కథంతా ఏటైపోద్ది? గానీ నోరు దానంతట అదే లేచినాది. 'అంబలి అడిగినాడు' అని పాడీసినాను. పెద్దలు దెబ్బలాడినారు, కథ తప్పినారని. ఇయ్యేళ కథ ఇంతే అన్నాను."

"మరి తరువాత?" అన్నాను.

"తరవాతేటి? మర్నాడు సంపినాం. ఆయమ్మ రానేదు."

ఈ సంగతి నా ప్రాజెక్టులో లేదు. జముకు బోర్లించడం రాశాను, మళ్ళీ ఎత్తడం రాయలేదు. అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు. శనివారం నాన్న చెప్పిన మాట అంత అందంగా ఉంది కాబట్టే దానికి కాపలా కాశాను. గురువారం చెప్పిన మాట అందంగా లేదు. ఉమ్ముతో, వణుకుతో ఉంది. దాన్ని మాట కిందే లెక్కేయలేదు.

గోపి అన్నదానిలో ఎంత నిజముందో తవ్వి చూసుకోవడానికి భయంగా ఉంది. కొంత ఉంది.

డాక్టరుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. తిట్టలేదు. "ముందు ఆయాసం తగ్గించండి, తగ్గాక మళ్ళీ అడగండి. రోజూ అడగండి. జవాబు మారితే మారనివ్వండి" అంది. ఆ రోజు గేటు దగ్గర చెప్పింది ఇదేనట.

నవంబరు 17, సోమవారం

ఆటో రాకముందే అడిగాను. "ఇయ్యేళకి పద" అన్నాడు. వెళ్ళాం. మిషను మీద రెండుసార్లు కళ్ళు తేలేశాడు. శివాజీ కాళ్ళు ఎత్తి పట్టుకున్నాడు. తిరిగి వస్తూ ఆటోలో నాన్న నా భుజం మీదే నిద్రపోయాడు. నేను అడగలేదు.

నవంబరు 20, గురువారం

పొద్దున్న అడగడానికి వెళ్ళి గుమ్మంలో ఆగిపోయాను. ఏ జవాబు రావాలని కోరుకుంటున్నానో నాకే తెలియలేదు. తెలియకపోవడం కాదు, తెలుసు. అదీ భయం.

నాన్న చూశాడు.

"రా. రోజూ నన్నే అడుగుతన్నావు. నీకేటి కావాలే?"

"నాకేమీ వద్దు."

"అబద్దాలాడకు. నా ముందు ఆడకు, నాను ఆ పనిలో ముసిలైపోనాను."

మంచం పక్కన చాప మీద కూర్చున్నాను. అమ్మ పెరట్లో ఉంది.

"నువ్వు ఉండాలని ఉంది" అన్నాను.

"ఊఁ. ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఊఁ."

"ఇదంతా తొందరగా అయిపోవాలని కూడా ఉంది నాన్నా."

అనేశాను. గదిలో ఏదో విరిగిపోయినట్టు అనిపించింది. ఆయన ముఖం వైపు చూడలేక, సూదులు గుచ్చిన చేతి వైపు చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి ఆ చెయ్యే వచ్చి నా తల మీద పడింది, బరువుగా, నీరు పట్టి.

"నాకూ అంతేనే" అన్నాడు.

ఆటో వచ్చింది. "పంపీ" అన్నాడు. పంపేశాను. ఈసారి ఆటో అతనికి అబద్ధం చెప్పలేదు. అతను కాసేపు నిలబడి, హారన్ కొట్టకుండా వెళ్ళాడు.

నవంబరు 22

ఆయాసం. మందు. సగానికి పైగా లోపలికే పోయింది. తగ్గాక అడిగాను. వద్దన్నాడు.

నవంబరు 24, సోమవారం

వద్దన్నాడు. డాక్టరు వచ్చి చూసి, మందు కొంచెం పెంచింది. ఎంత పెంచాలో నాతో మూడుసార్లు చెప్పించుకుంది. ఎక్కువైతే ఏమవుతుందని ఈసారి అడిగాను. చెప్పింది. విన్నాను.

హైదరాబాదుకి, రాలేనని రాశాను. పంపలేదు.

నవంబరు 27, గురువారం

గోపి నిన్ననే వచ్చేశాడు. నా మీద నమ్మకం లేక పొద్దున్న వాడే అడిగాడు. "నాన్నా, బండి పిలమంతావేటి?" నాన్న తల అడ్డంగా ఊపాడు. గోపి ఇంకోసారి అడిగాడు. మళ్ళీ అడ్డంగా. వాడు బయటికి వెళ్ళి బైకు సీటు తుడుస్తూ ఉండిపోయాడు. తుడవడానికేమీ లేదు దాని మీద. తిరిగి వచ్చి, "మందు నువ్వెయ్యి, నాను తల పట్టుకుంతాను" అన్నాడు. వేశాను.

మధ్యాహ్నం ఒకసారి నాన్న కళ్ళు తెరిస్తే అడిగాను. నూకయ్య మావ చెవి దగ్గరగా పెట్టి విని, "ఒద్దంతన్నాడు" అన్నాడు. తరువాత ఇంకేమీ అనలేదు నాన్న.

ఇప్పుడు మూడున్నర. అమ్మ పాదాల దగ్గర కూర్చుంది. మావకి వీపు ఆనించి నిలబెట్టే పని ఇక లేదు, గోడకి చేరబడ్డాడు. గోపి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. నేను కిటికీ పక్కన రాస్తున్నాను. అడగడానికి ఇంకేమీ మిగల్లేదని తెలిసినా నోటిలో ప్రశ్న తిరుగుతూనే ఉంది.

ఊపిరి ఒకటి వస్తోంది, తరువాతది రావడానికి చాలా సేపు పడుతోంది. ఆగినప్పుడల్లా నా పెన్నూ ఆగిపోతోంది.

వచ్చింది.

మళ్ళీ ఆగింది.